గాలి రెండుసార్లు తిరిగిన ఆదివారం

ఆసుపత్రి రక్తపరీక్షల ల్యాబులో అతని కుర్చీ ఉత్తరపు కిటికీ పక్కన ఉండేది. ఆ వైపు వెలుతురు రోజంతా ఒకే తీరుగా ఉంటుందని ఇరవై ఆరేళ్ళ కిందట, ఉద్యోగంలో చేరిన రెండో రోజునే, బల్లను తానే అక్కడికి జరుపుకున్నాడు. రోజుకు నలభై స్లైడులు, ఒక్కో స్లైడులో వంద తెల్లకణాలు. ఎడమచేతి కింద అయిదు మీటల లెక్కపెట్టె ఉండేది. కన్ను సూక్ష్మదర్శినిలో ఉండగానే వేళ్ళు ఏ రకం కణానికి ఆ రకం మీట నొక్కుతూ పోయేవి. వందో కణానికి పెట్టె గంట కొట్టేది. గంట మోగకుండా అతను తలెత్తగా చూసినవాళ్ళు లేరు. ఒకసారి పక్కగదిలో పొగ వచ్చి అందరూ బయటికి పరుగెత్తినప్పుడు అతను డెబ్భై ఎనిమిది దగ్గర ఉన్నాడు. వంద పూర్తిచేసి, సూక్ష్మదర్శినికి గుడ్డ కప్పి, అప్పుడు లేచాడు.

వయసు యాభై మూడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "కుదరలేదండీ" అనేవాడు, బస్సు తప్పిపోయిందని చెప్పినంత మామూలుగా. తొమ్మిదో ఏట తల్లి పోతే, అతనికన్నా ఆరేళ్ళు పెద్దదైన అక్కే తల దువ్వి బడికి పంపింది. అక్కకు పెళ్ళయ్యాక బావ కూడా అతన్ని ఇంటి మనిషిగానే చూసుకున్నాడు. బావ హైస్కూల్లో భూగోళం మాస్టారు. గొంతు పెద్దది, చేతులు పెద్దవి, కోపం చిన్నది. పటం గీయడంలో ఎంత నేర్పరో అబద్ధాన్ని అందంగా అల్లడంలోనూ అంత నేర్పరి. ఈ రెండో నేర్పు పనికొచ్చే చోటు బావమరిది చేతి మీదుగానే ఏర్పడింది.

ఆ చోటు ఒక టైలరు దుకాణం మీది గది. పదిహేడు మెట్లు ఎక్కితే, రెండు పాత తలుపులు కలిపి చేసిన ఎనిమిది అడుగుల బల్ల కనిపించేది. దాని మీద ఆకుపచ్చ గుడ్డ, గుడ్డ కింద పుస్తకాలు పేర్చి లేపిన కొండలు, నీలం రిబ్బను నది. అటూ ఇటూ వేలెడైనా లేని సీసపు సైనికులు, ఎర్రవాళ్ళు రెండు వందలు, నీలంవాళ్ళు రెండు వందలు. ఎర్ర సేన బావది, నీలం సేన టైలరుది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం రెండింటికి యుద్ధం మొదలయ్యేది. అతను ఏ సేనకూ చెందేవాడు కాదు. బల్ల చివర ఎత్తు స్టూలు మీద కూర్చుని, అంగుళాల కర్రతో దూరాలు కొలిచి, పాచికలు లెక్కపెట్టి, తగవులు తీర్చేవాడు. అందుకే అక్కడ అందరికీ అతను అంపైరు. ఆ స్టూలెక్కితే సొంత బావను కూడా "మీరు" అనేవాడు.

మొదట్లో టైలరే ఎప్పుడూ గెలిచేవాడు. ఏ పాచిక ఎన్నిసార్లకు ఒకసారి పడుతుందో అతను గుడ్డ కొలతల్లా కంఠస్థం చేశాడు. యుద్ధం కూడికల పట్టికలా తయారైంది. అప్పుడు అంపైరు ఆలోచించాడు. సేనలు చచ్చి ఓడిపోవడం తక్కువ, భయపడి ఓడిపోవడం ఎక్కువ అని అతను చదివినదాన్నిబట్టి తేలింది. భయానికి కారణం ఒక్కోసారి ఎంత చిన్నదంటే, పట్టికలో దానికి గడి ఉండదు. శకునాల మీద అతనికి నమ్మకం లేదు. కాని శకునాలను నమ్మే మనుషులు ఉన్నారన్నది నిజం, నిజానికి ఆటలో చోటు ఉండాలి. నెల రోజులు కూర్చుని, ల్యాబు లేబుళ్ళంత అట్టముక్కల మీద అరవై శకునాలు రాశాడు. ఏ రెండూ ఒకటి కాదు. యాభై రెండు చెడ్డవి, ఎనిమిది మంచివి.

నియమం ఇది. ఆటకు పన్నెండు పూటలు. ప్రతి పూట మొదట్లో అంపైరు ఒక ముక్క తీసి చదువుతాడు, తీసిన ముక్క ఆట ముగిసేదాకా కట్టలోకి తిరిగి వెళ్ళదు. శకునం ఎవరి వంతులో వస్తే ఆ సేనాపతి, అర నిమిషపు ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోగా, తన సైనికులకు దాని అర్థం చెప్పుకోవాలి. చెప్పిన మాట నమ్మించేదిగా ఉంటే అంపైరు ఒకటో రెండో మార్కులు ఇస్తాడు. వాటిని పాచికలకు కలిపితే ఎనిమిది దాటాలి. దాటకపోతే సేన బెదిరి వెనక్కి తగ్గుతుంది.

అక్కడ బావ చెలరేగిపోయేవాడు.

"పగటివేళ కొండ మీద నక్క అరిచింది" అని అంపైరు చదివితే, బావ బల్ల మీదికి వంగి సీసపు సైనికులతో అనేవాడు: "విన్నారా అబ్బాయిలూ! పట్టపగలు దానికి ఆకలేసిందంటే ఏమిటి అర్థం? అటు నీలంవాళ్ళ శవాల వాసన తగిలిందన్నమాట!"

"వంటవాడి పొయ్యి దానంతటదే ఆరిపోయింది."

"ఆరిపోనీండిరా. అదుగో అవతల నీలంవాళ్ళు మనకోసం వండి పెట్టారు. నడవండి భోజనానికి!"

టైలరుకు ఈ విద్య అబ్బలేదు. పంతొమ్మిదేళ్ళపాటు ఏ శకునానికైనా ఒక్కటే మాట. "పర్లేదురా, నేనున్నాను."

"సున్నా," అనేవాడు అంపైరు.

"నువ్వున్నావనేగా వాళ్ళ భయం!" అని బావ బల్ల చరిచేవాడు. కొండలు కూలేవి. అంపైరు ఆట ఆపి, కొండలను అంగుళాల కర్రతో కొలిచి తిరిగి నిలబెట్టేవాడు.

పంతొమ్మిదేళ్ళలో ఒక్క ముక్కనైనా ఉన్నది ఉన్నట్టు తప్ప మరోలా చదవలేదు. అలా చదవొచ్చునన్న ఊహే అతనికి రాలేదు.

బావ రిటైరయిన మూడో ఏడు, పదిహేడు మెట్లలో తొమ్మిదో మెట్టు దగ్గర ఆగడం మొదలుపెట్టాడు. పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళ నుంచి రక్తం. అక్క వారం రోజులు సాధించి, ఒక శనివారం పదకొండింటికి ల్యాబుకు తీసుకొచ్చింది. రక్తం తమ్ముడే తీశాడు. గాజుపలక మీద పూత పూసి, రంగు వేసి, ఆరబెట్టి, పన్నెండుంపావుకు సూక్ష్మదర్శినిలో చూశాడు.

ఎడమచేతి వేళ్ళు మీటలు నొక్కుతూనే ఉన్నాయి. ఆరోగ్యవంతుడి రక్తంలో ఒక్కటి కూడా కనిపించకూడని, ఎదగని ముడికణాలు, పెద్దవి, లేత నీలం అంచువి, వందకు డెబ్భై ఒకటి వచ్చాయి. గంట మోగింది. అతను తలెత్తలేదు. సున్నా చేసి మళ్ళీ మొదలుపెట్టాడు. డెబ్భై మూడు.

ఇలాంటి స్లైడును ల్యాబు డాక్టరమ్మ చూసి సంతకం చేయనిదే రిపోర్టు బయటికి వెళ్ళదు. ఆమె ఊళ్ళో లేదు. ఫోనులో అంతా విని, "సోమవారం పొద్దున్నే వస్తాను, ఆయన్ని కూడా రమ్మనండి. నేను చూసేదాకా ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పకండి. మీకు తెలియనిదేముంది," అంది. తెలియనిది ఏమీ లేదు. చెప్పనని మాట ఇచ్చాడు. అక్కకు ఫోను చేసి, రిపోర్టు సోమవారం వస్తుందని మాత్రం చెప్పాడు. అందులో అబద్ధం లేదు.

ఆదివారం రెండింటికి బావ రానే వచ్చాడు. తొమ్మిదో మెట్టు దగ్గర ఒకసారి, పదిహేను దగ్గర ఒకసారి ఆగాడు. అంపైరు స్టూలు మీద కూర్చునే లెక్కపెట్టాడు.

మొదటి పూట ముక్కలో వాన. రెండో పూట టైలరు వంతు: "ఎదురుగాలి తిరిగి, మన వెనకనుంచి వీస్తోంది." ఉన్న ఎనిమిది మంచి శకునాల్లో అదొకటి. "పర్లేదురా, నేనున్నాను," అన్నాడు టైలరు అలవాటుగా. "మంచి శకునానికి కూడా పర్లేదంటావేమిటయ్యా!" అని బావ నవ్వీనవ్వీ దగ్గాడు. జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, దాన్ని మడిచి, చూడకుండా జేబులో పెట్టుకున్నాడు.

ఏడో పూట బావ వంతు. అంపైరు ముక్క తీశాడు. అందులో తన చేతిరాతే ఉంది: "గాలి లేకుండానే సేనాపతి జెండా కర్ర విరిగింది."

అతను దాన్ని అవసరమైనదానికన్నా రెండు క్షణాలు ఎక్కువసేపు చూశాడు. ఆ తర్వాత నోటికి వచ్చింది చదివాడు. "ఎదురుగాలి తిరిగి, మన వెనకనుంచి వీస్తోంది."

"ఇంకేం, అదృష్టం మీదే," అన్నాడు టైలరు. అంతలో కింద ఎవరో పిలిస్తే, "వస్తున్నా, వస్తున్నా" అంటూ దిగి వెళ్ళాడు.

బావ ఇసుక గడియారం తిప్పలేదు. ప్రతి ఆటకూ వచ్చిన శకునాలను కాగితం అంచున పెన్సిలుతో రాసుకోవడం ఆయన అలవాటు. ఆ కాగితాన్ని బల్ల మీద నెమ్మదిగా అంపైరు వైపు జరిపాడు.

"గాలి రెండో పూటలోనే తిరిగిందోయ్."

అంపైరు ముక్కను బోర్లా తిప్పాడు.

"ఆ ముక్క ఒక్కటే ఉంది కట్టలో. నువ్వు రాసిందేగా." బావ గొంతు ఎప్పుడూ లేనంత చిన్నదయింది. "పంతొమ్మిదేళ్ళలో నీ నోట ఒక్క తప్పు ముక్క వినలేదు. ఇవాళ విన్నాను. నా రక్తంలో ఏముందిరా?"

"రేపు డాక్టరమ్మ..."

"డాక్టరమ్మను అడగలేదు. నిన్ను అడుగుతున్నాను."

కింద కుట్టుమిషను ఆడుతోంది. అది ఆగేదాకా ఇద్దరూ కదల్లేదు. చెప్పనని ఇచ్చిన మాటను అంపైరు నోటితో నిలబెట్టుకున్నాడు. ముఖంతో నిలబెట్టుకోలేకపోయాడు.

"సరే," అన్నాడు బావ. "ఆ ముక్క ఉన్నదున్నట్టు చదువు. ఆట మధ్యలో ఆపకూడదు."

అంపైరు చదివాడు. బావ గడియారం తిప్పాడు. ఇసుక సగానికి వచ్చాక సైనికుల మీదికి వంగాడు. "కర్ర విరిగితే విరిగింది. జెండా చేత్తో పట్టుకునే వీలు ఇప్పుడు దొరికింది. పదండి, నేనే మోసుకొస్తాను."

"రెండు," అన్నాడు అంపైరు.

పాచికలు ఒకటి, రెండు పడ్డాయి. మొత్తం అయిదు. ఎర్ర సేన నదిదాకా వెనక్కి తగ్గింది.

"లెక్క లెక్కే," అన్నాడు బావ. తర్వాత, టైలరు మెట్లెక్కుతున్న చప్పుడు వినబడుతుండగా, గబగబా అన్నాడు: "ఒక మాట ఇవ్వు. ఇకమీదట నా రక్తం లెక్కలు నాకు నువ్వే చదవాలి. మీ అక్క కాదు, తెల్లకోట్లవాళ్ళు కాదు. ఇక్కడ ముక్క చదివినట్టు చదవాలి. ఇంకోసారి గాలి తిప్పావా, నీకూ నాకూ మాటల్లేవు."

"ఇచ్చాను, బావా." స్టూలు మీద కూర్చుని "బావా" అనడం అదే మొదలు.

తర్వాతి ఏడు నెలలు మంగళవారాలుగా గడిచాయి. మంగళవారం ఉదయం రక్తం తీయడం, సాయంత్రం నాలుగున్నరకు కాగితం పట్టుకుని అక్క ఇంటికి వెళ్ళడం. బావ మంచం పక్క కుర్చీలో నిటారుగా కూర్చుని చదివేవాడు. గొంతులో హెచ్చుతగ్గులుండేవి కావు.

"హీమోగ్లోబిన్ ఏడు పాయింట్ రెండు."

"బండిలో బరువు తగ్గింది. ఎద్దులకు సుఖం."

"ప్లేట్‌లెట్లు పంతొమ్మిది వేలు."

"నా బడిలో పిల్లలు పంతొమ్మిది వందలు దాటలేదు. ఇక్కడ వేలున్నారు, ఇంకేం కావాలి?"

మందులు పనిచేసిన నెలన్నర ముడికణాలు నాలుగుకు దిగాయి. ఆ కాగితానికి బావ ఏ అర్థమూ చెప్పలేదు. "ఇంకోసారి చదువు," అన్నాడు. రెండుసార్లు చదివించుకున్నాడు. తర్వాత అంకె మళ్ళీ పైకెక్కసాగింది. అప్పుడూ అర్థాలు వచ్చాయి, కాకపోతే కాస్త ఆలస్యంగా. బావ చమత్కారం విని, చిన్నగా నవ్వి, అంపైరు లేచి వెళ్ళిపోయేవాడు. తను ఇచ్చిన మాట బావను నిలబెడుతోందని అతని నమ్మకం. ఆ నమ్మకానికి ప్రతివారం ఋజువు దొరుకుతూనే ఉంది.

ఇరవై ఎనిమిదో మంగళవారం అక్క గేటు దగ్గరే నిలబడి ఉంది. లోపలికి దారి ఇవ్వలేదు.

"ఏముంది ఆ కాగితంలో?"

అతను చెప్పాడు. ముడికణాలు అరవై నాలుగు. ప్లేట్‌లెట్లు తొమ్మిది వేలు.

"నువ్వు వెళ్ళాక ఆయన ఏం చేస్తారో నీకు తెలుసురా?"

అతనికి తెలియదు.

"గోడ వైపు తిరిగి పడుకుంటారు. రెండు గంటలు. ఒక్కోసారి మూడు. పిలిస్తే పలకరు, పెడితే తినరు. నీ దగ్గర నవ్వాలి గనక నవ్వుతున్నారు. ఆ నవ్వుకే ఆయనకున్న ఓపికంతా అయిపోతోంది. నువ్వు చూసేది నువ్వున్న పావుగంట. నేను చూసేది మిగిలినదంతా."

"అక్కా, మాట ఇచ్చాను."

"ఎవరు కాదన్నారు? ఇన్ని వారాలూ నిలబెట్టుకున్నావుగా! ఇవాళ ఒక్కరోజు బాగుందని చెప్పు. కొంచెం పెరిగాయని చెప్పు. ఆయన కాగితం అడగరు, నీ నోటినే నమ్ముతారు." ఆమె అతని చొక్కా చెయ్యి పట్టుకుంది, బడికి పంపేటప్పుడు పట్టుకున్నట్టు. "నిన్ను ఇన్నేళ్ళలో ఏమైనా అడిగానురా?"

అడగలేదు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు. గేటు నుంచి మంచం దాకా ఇరవై రెండు అడుగులు. ఆ ఇరవై రెండు అడుగుల్లోనూ చెబుదామనే అనుకున్నాడు. కుర్చీలో కూర్చున్నాడు. బావ కళ్ళు అతని ముఖం మీదే ఉన్నాయి. ఈసారి తప్పు చదివినా ఈయన పట్టేస్తాడు, పట్టేస్తే ఇక ఏ మంచి అంకెనూ నమ్మడు అని తనకు తాను చెప్పుకున్నాడు. ఇక మంచి అంకె వచ్చే అవకాశం లేదని అతనికి అదే క్షణంలో తెలుసు. అయినా నోరు కాగితాన్నే చదివింది.

"ముడికణాలు అరవై నాలుగు. ప్లేట్‌లెట్లు తొమ్మిది వేలు."

బావ పెదవులు ఏదో మొదలుపెట్టి ఆగాయి.

"దీనికి నా దగ్గర మాట లేదోయ్," అన్నాడు. "ఏమనుకోకు."

గోడ వైపు తిరగడం అంపైరు మొదటిసారి కళ్ళారా చూశాడు. ఈసారి లేచి వెళ్ళలేదు. ఆరున్నర దాకా ఆ వెడల్పాటి వీపునే చూస్తూ కూర్చున్నాడు. శుక్రవారం పొద్దున తొమ్మిది దాటి పది నిమిషాలకు బావ పోయాడు.

వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక అక్క అతనితో ఒకే ఒక్క మాట మాట్లాడింది. అరవలేదు, ఏడవలేదు. "ఆ మూడు రోజులు ఆయన ఇటు తిరగలేదు. ఒక్క మంచి మాట చెప్పి ఉంటే తిరిగేవారేమో. నీ మాట దక్కింది, పో."

ఆమె అన్నది సరో కాదో అతను చాలాకాలం ఆలోచించాడు, తనకు చేతనైన పద్ధతిలో. నిజం విన్న బావను చూశాడు. అబద్ధం నమ్మిన బావను చూడలేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చేందుకు బావ ఒక్కడే ఉన్నాడు, ఆ ఒక్కడూ అయిపోయాడు. లెక్క అక్కడ ఆగిపోయేది. గంట మోగేది కాదు.

టైలరు ఒక ఆదివారం బతిమాలి పిలిచాడు. ఎర్ర సేనకు ఎవరినో కొత్తాయనను కూర్చోబెట్టాడు. అంపైరు ముక్కలు చదివాడు. టైలరు "పర్లేదురా, నేనున్నాను" అన్నాడు. వేళాకోళం చేసేవాడు లేక ఆ మాట బల్ల మీద అలాగే పడి ఉంది. నాలుగో పూట దగ్గర టైలరే కళ్ళు తుడుచుకుని, గుడ్డ మడిచేద్దామన్నాడు.

అక్క పద్నాలుగు నెలలు మాట్లాడలేదు. అతను నెలకు రెండుసార్లు వెళ్ళేవాడు. ఆమె తలుపు తీసేది, మంచినీళ్ళు పెట్టేది, తన పని తాను చేసుకునేది. అరగంట కూర్చుని వచ్చేసేవాడు.

ఒక బుధవారం ఉదయం ల్యాబులో తలెత్తేసరికి ఎదురుగా ఆమె ఉంది. చేతిలో డాక్టరు చీటీ.

"నీరసంగా ఉంటోంది," అంది. "కాళ్ళు లాగుతున్నాయి. పరీక్ష రాశారు."

అతను స్టూలు తుడిచి కూర్చోబెట్టాడు. చేతికి పట్టీ కట్టాడు. నరం దొరకడానికి ఎప్పుడూ పట్టనంత సేపు పట్టింది. సూది గుచ్చేముందు ఆమె అంది: "ఒరే తమ్ముడూ. ఏమొచ్చినా సరే, నాకు మాత్రం బాగుందని చెప్పు. ఈసారైనా."

"అలాగే అక్కా."

ఆమె బయట బెంచీ మీద కూర్చుంది. అతను పూత పూశాడు, రంగు వేశాడు, ఆరబెట్టాడు. కణాలు లెక్కపెట్టాడు. గంట మోగింది. రెండోసారి లెక్కపెట్టాడు. మూడోసారి లెక్కపెట్టాడు. హీమోగ్లోబిన్ పన్నెండు పాయింట్ ఆరు, ప్లేట్‌లెట్లు రెండు లక్షల ముప్ఫై ఎనిమిది వేలు, తెల్లకణాలన్నీ ఉండవలసినవి ఉండవలసినన్ని. అరవై ఏళ్ళ మనిషికి ఇంతకన్నా మంచి రక్తం ఆ వారంలో అతను చూడలేదు.

బయటికి వచ్చాడు. "అక్కా, బాగుంది."

"సరే."

"అంతా బాగుంది. నీరసం వయసుది, నిద్ర లేనందుకు."

ఆమె అతని ముఖంలోకి చూసింది. "నిజంగానా?"

"నిజంగానే."

"నేను చెప్పమన్నదే చెప్తున్నావు."

"కాదు అక్కా. నిజం. ఇదుగో కాగితం, చూడు."

ఆమె కాగితం అందుకోలేదు. "అది రాసేదీ నువ్వేగా," అంది, కోపం ఏ మాత్రం లేకుండా. మోచేతి మడతలో దూదిని ఇంకా అదిమి పట్టుకునే ఉంది. రక్తం ఆగి నలభై నిమిషాలయింది. లేచి, చీర సర్దుకుని, చాలాకాలం తర్వాత అతని భుజం మీద చెయ్యి వేసింది.

"పోన్లే. నేర్చుకున్నావు," అని, నెమ్మదిగా గోడ పట్టుకుని నడుస్తూ వరండా చివరికి వెళ్ళిపోయింది.

కేకవేసి వెనక్కి పిలవాలనుకున్నాడు. పిలిచి ఏం చెప్పాలో తెలియలేదు. లోపలికి వచ్చి, కిటికీ పక్కన కూర్చుని, ఏ దోషమూ లేని ఆ స్లైడును నాలుగోసారి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.